కుండీ మార్చాక కరివేపాకు పండిపోతోందా? ఎరువు పక్కన పెట్టి ముందు వేళ్లు చూడండి

మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. ఎనిమిది అంగుళాల కుండీలో మూడేళ్లు పెరిగిన కరివేపాకు మొక్కని డిసెంబరు మొదటి వారంలో 18 అంగుళాల కుండీలోకి మార్చారు. కొత్త కుండీలో సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), మిగతా సగం ఎర్రమట్టి, వర్మీకంపోస్టు. ఐదో రోజు నుంచి కింది రెమ్మలు పసుపు తిరిగాయి, ఇప్పుడు ముట్టుకుంటే చాలు రాలిపోతున్నాయి. ఆకలితో ఉందేమో అని ఒక చెంచా డీఏపీ (గుళికల రసాయన ఎరువు) వేశారు, నాలుగు రోజులకి పులిసిన మజ్జిగ పోశారు, నిన్న ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) ఇచ్చారు. నీళ్లు రోజుకి రెండు పూటలా. కింది ఫ్లాటు వాళ్లు తమ బాల్కనీలోకి నీళ్లు కారుతున్నాయన్నారని కుండీ కింద ప్లేటు పెట్టారు. హైదరాబాద్, తూర్పు బాల్కనీ, పదహారో రోజు. చిగుళ్లు మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఆ చివరి మాట మీరు మామూలుగా రాసేశారు గానీ, నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది అదే. చిగురు నిలిచి ఉందంటే మొక్క ఇంకా తన పని తాను చేసుకుంటోంది. నేను ఇరవై ఏళ్లుగా మిద్దె మీద మొక్కలు పెంచుతున్నాను. అందులో ఆరేళ్లు ఒక నర్సరీలో కుండీలు మార్చే పనే చేశాను. నా అంచనా చెబుతాను, ఆ తర్వాత అది నిజమో కాదో మీ చేత్తో మీరే ఎలా తేల్చుకోవాలో చెబుతాను. మీ మొక్కకి తిండి తక్కువై కాదు ఇదంతా. వేళ్లకి దెబ్బ తగిలింది, ఆ దెబ్బ మానేలోపే నీళ్లు, ఎరువు మీద మీద పడ్డాయి.

కుండీ మార్చేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మొక్క నీళ్లు తాగేది మన కంటికి కనిపించే లావు వేళ్లతో కాదు. వాటి చివర్లలో ఉండే సన్నటి పీచు వేళ్లు, వాటి మీద ఉండే నూగు లాంటి రోమాలతో తాగుతుంది. ఎంత జాగ్రత్తగా తీసినా అవి కొన్ని తెగుతాయి. పైన ఆకులు మాత్రం అన్నే ఉంటాయి. తాగే నోళ్లు తగ్గి, తాగాల్సిన ఆకులు తగ్గకపోతే మొక్క ఒక లెక్క వేసుకుంటుంది. పాత ఆకుల్లో ఉన్న నత్రజనిని వెనక్కి లాక్కుని చిగుళ్లకి పంపిస్తుంది. అందుకే కింది ఆకులు పండి రాలతాయి, పైవి పచ్చగా ఉంటాయి. కుండీ మార్చిన వారం పది రోజుల్లో కింద నాలుగైదు రెమ్మలు ఇలా పోవడం జబ్బు కాదు. అక్కడ మనం ఊరుకుంటే మొక్క తనంతట తాను కోలుకుంటుంది. ఊరుకోలేకపోవడమే మన కష్టం. ఆకు పసుపు తిరగడం చూస్తే ఏదో ఒకటి చెయ్యాలని చెయ్యి లాగుతుంది. మీకే కాదు, మొక్క మీద ప్రేమ ఉన్న ప్రతివాళ్లకీ అంతే.

నా మొదటి కరివేపాకు మొక్క పోయింది సరిగ్గా ఈ తొందరలోనే. కుండీ మార్చిన వారానికి ఆకులు పండటం మొదలైతే, పల్లి చెక్క నానబెట్టిన నీళ్లు రోజు విడిచి రోజు పోశాను. మూడో వారానికి కొమ్మలు నల్లబడ్డాయి. పీకి చూస్తే వేర్ల పైతొక్క నా చేతి వేళ్ల మధ్య జారిపోయింది, లోపల సన్నటి దారం లాంటిది మాత్రం మిగిలింది. వాసన మురుగు కాలువ వాసన. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు. అప్పటి నుంచి ఎవరు ఏ మొక్క గురించి అడిగినా ముందు ఆకు గురించి కాదు, మట్టి గురించే అడుగుతున్నాను.

ఇప్పుడు మీ కుండీ సంగతి. ఎనిమిది నుంచి 18 అంగుళాలు అంటే వినడానికి రెండింతల కంటే కాస్త ఎక్కువ అనిపిస్తుంది. కానీ లోతు కూడా అదే లెక్కన పెరుగుతుంది కాబట్టి పట్టే మట్టి దాదాపు 11 రెట్లు. ఒక చిన్న వేర్ల ముద్ద చుట్టూ పదింతల తడి మట్టి పెట్టారన్నమాట. ఆ మట్టిలో వేళ్లు లేవు, అందులోని నీళ్లు తాగేవాళ్లు లేరు. పైగా సగం కోకోపీట్. అది నీళ్లని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. డిసెంబరు ఎండ పలచన, రాత్రి చలి. తూర్పు బాల్కనీ అంటే పదకొండు దాటాక ఎండ ఉండదు. ఇన్ని కలిసినప్పుడు రోజుకి రెండు పూటలా పోసిన నీళ్లు ఎటు పోతాయి? కిందికి దిగి ప్లేటులో నిలుస్తాయి, అడుగు మట్టి మళ్లీ వాటిని పైకి పీల్చుకుంటుంది. మట్టిలో గాలి ఉండాల్సిన సందులన్నీ నీళ్లతో నిండిపోతాయి. వేరుకి కూడా ఊపిరి కావాలి. ఊపిరి ఆడని వేరు పక్కనే ఎంత ఎరువు ఉన్నా తీసుకోలేదు. అందుకే మునిగిన మొక్క కూడా చూడటానికి ఆకలితో ఉన్నట్టే పసుపు తిరుగుతుంది. మోసపోయేది అక్కడే.

అయితే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి కూడా ఒకటి జరుగుతుంది, అది చూసి తీరాలి. పైపైన ఆకులు చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి.

నర్సరీలో ఉన్నప్పుడు ఒకావిడ నాలుగేళ్ల కరివేపాకు మొక్కని ఆటోలో తీసుకొచ్చారు. కుండీ మార్చి నెల రోజులైంది, రోజూ నీళ్లు పోస్తున్నా ఆకు ఎండి రాలుతోందన్నారు. పైన మట్టి వేలితో తాకితే చల్లగా, తడిగా ఉంది. కుండీ పక్కకి వంచి తట్టి మొక్కని న్యూస్‌పేపరు మీదకి తీశాను. చుట్టూ ఉన్న కోకోపీట్ తడిగా విడివిడిగా రాలిపోయింది, మధ్యలో పాత కుండీ ఆకారంలోనే ఒక మట్టి ముద్ద నిలబడి ఉంది. చాకు గుచ్చితే దిగలేదు. గట్టిగా నొక్కి రెండు చెక్కలు చేస్తే లోపల మట్టి పొడి పొడిగా దుమ్ము లేచింది. వేళ్లు ఆ ముద్ద చుట్టూ గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి గానీ ఒక్కటీ బయటికి రాలేదు. నెల రోజులుగా పోసిన నీళ్లు గట్టి ముద్ద పక్క నుంచి, మెత్తటి కోకోపీట్ గుండా జారిపోయాయి. చుట్టూ చెరువున్నా మొక్క దాహంతో చచ్చిపోతోంది. గోదావరి పక్కన నర్సరీలకి పేరున్న కడియం నుంచి వచ్చే మొక్కలైనా, మన ఊరి నర్సరీ మొక్కలైనా నల్ల కవర్లో మట్టి బిగుసుకుని వస్తే ఈ ప్రమాదం ఉంటుంది. మూడేళ్లు ఒకే చిన్న కుండీలో ఉన్న మీ మొక్కకీ ఉంటుంది.

రెంటిలో మీది ఏదో తేల్చడానికి మీటర్లు, యాప్‌లు అక్కర్లేదు. రెండు పొడవాటి వెదురు పుల్లలు తీసుకోండి, చీపురు పుల్లలైతే నాలుగు కలిపి పట్టుకోండి. ఒకటి కాండానికి రెండు అంగుళాల దూరంలో, ఇంకోటి కుండీ అంచు దగ్గర, రెండూ అడుగు దాకా దించండి. పది నిమిషాలు ఉంచి తీయండి. రెండూ నల్లగా తడిసి, మట్టి అంటుకుని వస్తే నీళ్లు ఎక్కువైనట్టే. కొస ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. వాన పడ్డాక వచ్చే మట్టి వాసన అయితే ఇంకా కుళ్లు మొదలవలేదు, కుళ్లిన గుడ్డు వాసన వస్తే మొదలైంది. అంచు దగ్గరి పుల్ల తడిగా ఉండి, కాండం దగ్గరిది పొడిగా వస్తే, లేదా అసలు దిగకపోతే, మధ్యలో ముద్ద ఎండిపోయింది.

రాలిన ఆకు కూడా ఒక మాట చెబుతుంది. మెత్తగా, వేలాడుతూ, మొత్తం ఒకే పసుపుతో రాలితే నీళ్లు ఎక్కువ. అంచులు గోధుమ రంగుకి తిరిగి, నలిపితే గలగలమంటే నీళ్లు అందలేదు, లేదా ఎరువు ఘాటుకి వేరు మాడింది. మీరు పంపిన ఫొటోలో ఎక్కువ ఆకులు మొదటి రకమే. రెండు మూడు ఆకుల అంచులు మాత్రం మాడాయి, అది డీఏపీ పనే అని నా నమ్మకం. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి. పొలానికి వేసే ఎరువది. తెగిన వేళ్ల పక్కన ఆ గుళికలు కరిగితే పుండు మీద ఉప్పు చల్లినట్టే. ఎప్సమ్ సాల్ట్ ఒక్కసారికి పెద్ద నష్టం చెయ్యదు, మళ్లీ మాత్రం వెయ్యకండి. మజ్జిగ గురించి మన ఇళ్లల్లో గట్టి నమ్మకం ఉంది. వేళ్లు బాగున్న మొక్కకి, ఎండలు బాగా కాసే రోజుల్లో, ఒక గ్లాసు పులిసిన మజ్జిగ పది గ్లాసుల నీళ్లలో కలిపి నెలకోసారి పోస్తే నేను వద్దనను, నేనూ పోస్తాను. కానీ తడిసి ముద్దయిన మట్టిలో, గాయంతో ఉన్న వేళ్ల మీద పోస్తే అది తినేది మొక్క కాదు, బూజు. కుండీ చుట్టూ చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటే అవీ ఆ తడి వల్లే వచ్చాయి.

పుల్ల తడిగా వచ్చి వాసన బాగానే ఉంటే మీరు చెయ్యాల్సింది చాలా తక్కువ. ప్లేటు తీసేయండి. కింది వాళ్లతో గొడవ వద్దనుకుంటే కుండీని మూడు ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టి, ప్లేటు కిందే ఉంచండి, నీళ్లు పోసిన అరగంటకి అందులోవి పారబోయండి. కుండీ అడుగు మాత్రం నీళ్లకి తగలకూడదు. పైన కనిపించే డీఏపీ గుళికలు ఏరేసి, అంగుళం మందాన పై మట్టి గీకి తీసేయండి. మిగిలిన మట్టిని వేళ్లకి తగలకుండా పైపైన కదిపి వదలండి. ఇక పుల్ల పెట్టి చూసినప్పుడు సగం లోతు వరకు పొడిగా వచ్చేదాకా నీళ్లు పొయ్యొద్దు. ఈ చలిలో అది వారం పట్టొచ్చు, పది రోజులూ పట్టొచ్చు. భయపడకండి. అపార్టుమెంట్లలో వారం రోజులు ఊరెళ్లి తాళం వేసిన ఇంట్లో మొక్క తేరుకుని కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

వాసన వస్తే మాత్రం ఆగకూడదు. చలికాలమైనా సరే, మళ్లీ తీయాల్సిందే. పాత పేపర్లు పరిచి, కుండీ పక్కకి పడుకోబెట్టి, మొక్కని కాండం పట్టి లాగకుండా కుండీనే వెనక్కి లాగండి. తడి కోకోపీట్ చేత్తో రాల్చేయండి. వేళ్లు గోటితో మెల్లగా గీకి చూడండి. పాలిపోయిన తెలుపు లేదా లేత గోధుమ రంగులో గట్టిగా ఉన్నది మంచి వేరు. నల్లగా ఉండి, తొక్క జారిపోతే చచ్చిన వేరు. చచ్చిన దాన్ని శుభ్రమైన కత్తెరతో మంచి భాగం కనిపించే దాకా కత్తిరించండి. మిగిలిన వేర్ల ముద్ద కంటే చుట్టూ రెండు అంగుళాలు మాత్రమే ఎక్కువున్న కుండీ తీసుకోండి, మీకు 12 అంగుళాలది సరిపోతుంది. మట్టి కుండీ అయితే మరీ మంచిది, గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక లేదా ఊక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో అర పాలు, గుప్పెడు వేపపిండి. కోకోపీట్ వెయ్యాలనే ఉంటే అర పాలు మించకుండా, అదీ రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి పారబోశాక. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కొన్ని దిమ్మల్లో మరీ ఎక్కువ. నానబెట్టిన నీళ్లు టీ రంగులో దిగుతాయి చూడండి, ఆ నీళ్లే మొదట వదిలించాలి.

నాటేటప్పుడు పాత కుండీలో కాండం ఎంత వరకు మట్టిలో ఉందో అంతే ఉంచండి. నిలబడట్లేదని రెండు అంగుళాలు లోతుకి దించితే కాండం మొదలు కుళ్లుతుంది, ఒక కర్ర పాతి కట్టండి చాలు. ఒక్కసారి నిండుగా నీళ్లు పోసి, ట్రైకోడెర్మా (వేరు కుళ్లుని అడ్డుకునే మంచి బూజు పొడి) దొరికితే లీటరుకి ఐదు గ్రాములు కలిపి పోసి, వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా పడని చోట రెండు వారాలు ఉంచండి. ఎరువు మాట నెలన్నర దాకా ఎత్తొద్దు.

ముద్ద ఎండిన పక్షంలో దారి వేరు. కుండీ తీయక్కర్లేదు. కాండం చుట్టూ ఆ గట్టి ముద్దలోకి పుల్లతో ఏడెనిమిది చోట్ల మెల్లగా రంధ్రాలు చెయ్యండి. రెండు లీటర్ల నీళ్ల సీసా మూతకీ అడుగుకీ సూదితో చిల్లు పెట్టి, కాండం దగ్గర తలకిందులుగా గుచ్చండి. చుక్క చుక్కగా రెండు మూడు గంటలు దిగితే ఎండిన మట్టి నెమ్మదిగా తడిని తీసుకుంటుంది. చెంబుతో పోస్తే మాత్రం పక్క నుంచే జారిపోతుంది. రెండు రోజులాగి మళ్లీ పుల్ల గుచ్చి చూడండి.

మీ మొక్కకి సంబంధం లేకపోయినా ఒక తేడా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇదే సమస్య అనుకుని చాలామంది తప్పు మందు వేస్తారు. పసుపు కింది ఆకుల్లో కాకుండా చిగుళ్లలో మొదలై, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుము అందకపోవడం. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం. రెంటికీ సున్నం ఎక్కువున్న మట్టి పడదు. బోరు నీళ్లు పోసే ఇళ్లలో కుండీ అంచుకి తెల్లటి పొర కడుతుంది చూడండి, ఆ నీళ్లతో మట్టి క్షారం వైపు తిరుగుతుంది, ఇనుము ఉన్నా వేరుకి అందకుండా పోతుంది. దానికి లీటరు నీళ్లలో రెండు మూడు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొడతాం, వారం తేడాతో రెండు మూడు సార్లు. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోస్తే ఇంకా మేలు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరగడం పాత ఆకుల్లో కనిపిస్తే మెగ్నీషియం తక్కువ, ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చేది అక్కడ. ఆకు మీద సూదితో పొడిచినట్టు పసుపు చుక్కలుంటే వెనక్కి తిప్పి చూడండి, నల్లి ఉంటుంది. మీ ఫొటోలో ఇవేవీ లేవు.

అమెరికాలో ఉన్న మన వాళ్లు కూడా చలికాలం మొక్కని ఇంట్లోకి తెచ్చాక ఇదే అడుగుతుంటారు. అక్కడ సగం సమస్య చలే. కరివేపాకు చల్లబడితే పెరగడం ఆపేస్తుంది, ఇంకా చలి ముదిరితే ఆకంతా రాల్చుకుని మోడుగా నిలుస్తుంది. ఆకులు లేని మొక్క నీళ్లు తాగదు, పోసే కొద్దీ వేరు కుళ్లుతుంది. మోడైందని పారేసే ముందు కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. లోపల ఆకుపచ్చ కనిపిస్తే ప్రాణం ఉంది.

మీ హైదరాబాద్ చలి అంత కాదు గానీ, రాత్రి 15 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో కొత్త వేరు వేగంగా రాదు. కుండీ మార్చడానికి డిసెంబరు మంచి నెల కాదు. చలి తగ్గాక ఫిబ్రవరి చివర, లేదా తొలకరి పడ్డాక మార్చితే ఇదే మొక్క వారంలో సర్దుకునేది. జరిగిపోయింది కాబట్టి ఇప్పుడు కావాల్సింది ఓపిక. పండిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి రోజూ బాధపడకండి, దానంతట అది రాలనివ్వండి. పచ్చగా ఉన్నవాటిని మాత్రం ఒక్కటి కూడా తుంచకండి. కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుందని ఎవరైనా చెబితే ఇప్పుడు వినకండి. వేరు కట్టడానికి కావాల్సిన తిండి ఆ ఆకులే వండాలి.

మీరు చూడాల్సింది కొస చిగురు ఒక్కటే. వారానికోసారి అదే చోట నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. సంక్రాంతి దాకా కదలిక లేకపోయినా కంగారు పడొద్దు. చిగురు నల్లబడి వాలిపోతే మాత్రం వెంటనే వేళ్లు తీసి చూడాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ రోజుల్లోనే లేత రెమ్మలు విచ్చుకుంటాయి, అదృష్టం బాగుంటే కాండం మొదట్లో పిలక కూడా లేస్తుంది. ఆ కొత్త రెమ్మలు జానెడు పొడవు సాగి, ఆకు ముదురు పచ్చకి తిరిగాక గుప్పెడు వర్మీకంపోస్టు వెయ్యండి. అప్పటి దాకా పోపులోకి కరివేపాకు కూరగాయల బండి దగ్గరే తీసుకోండి.